ముప్పై ఒక్క వస్తువుల పరుగు

తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటున్నా. నోటీసు బోర్డు మీద ఆ లిస్టు అంటించింది నేనే, నీలం స్కెచ్‌తో రాసింది నేనే, చివర్లో నవ్వే మొహం గీసింది కూడా నేనే. ఆ మొహమే లేకపోతే ఇంత గొడవ అయ్యేది కాదని ఇప్పటికీ నా అనుమానం.

మాది సామగ్రి సంరక్షణ డైరెక్టరేట్. విశాఖపట్నంలో మూడంతస్తుల పసుపు రంగు బిల్డింగు. మిగతా ఆఫీసులు వాడలేక, అలాగని పారెయ్యలేక ఏవైతే మిగిల్చుకుంటాయో అవన్నీ మాకు పంపిస్తాయి. మేం జాబితా రాసి, సంచిలో వేసి, పురికొస కట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి, ఇత్తడి ముద్ర నొక్కి దాచిపెడతాం. అంతే మా పని. తెరవమని ఎవరూ అడగరు, అడిగినా మేం తెరవం. మా ఆఫీసులో ఒక వస్తువు ఉందంటే అది సీలులో ఉందని అర్థం. సీలులో లేకపోతే అది మా కంటికి ఆననే ఆనదు.

నేను అక్కడ కాంట్రాక్టు డేటా ఎంట్రీ ఆపరేటర్ని. గేదెల తన్మయి. రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో ఐదు కిలోమీటర్లు పరిగెడతాను, ఆ సంగతి ఆఫీసులో నాలుగు వందల పన్నెండు మందికీ తెలుసు, ఎందుకంటే నాలుగు వందల పదకొండు మందికీ నేనే చెప్పాను.

ఏప్రిల్ చివర్లో మా డైరెక్టర్ కోదండపాణి గారు ఏదో సదస్సుకి వెళ్ళి, తిరిగి రాగానే లిఫ్టు ఎక్కడం మానేశారు. మూడో రోజుకి ప్రకటన వచ్చేసింది. మే నెల రెండో ఆదివారం, పొద్దున్న ఐదున్నరకి, సిబ్బంది అందరితో ‘సంరక్షణ పరుగు’. ఐదు కిలోమీటర్లు! పర్మనెంటు వాళ్ళకి సర్వీసు రిజిస్టర్‌లో మంచి మాట ఎక్కుతుంది. కాంట్రాక్టు వాళ్ళకి మాత్రం ‘సక్రమంగా పాల్గొనినట్లు’ ధ్రువపత్రం ఉంటేనే జూన్‌లో రెన్యువల్.

అదే ఆదివారం పదింటికి నాకు అసిస్టెంటు పోస్టుల పరీక్ష. రెండేళ్ళు ఎదురుచూస్తే పడిన నోటిఫికేషన్. తొమ్మిదిన్నరకి గేటు మూసేస్తారు. సాయంత్రం నా ఫ్రెండు హరిణి పెళ్ళి రిసెప్షను. ఇంకెవరైనా అయితే తల పట్టుకునేవాళ్ళు. నేను గంతులేశాను! ఒక్క బ్యాగు, మూడు ప్రోగ్రాములు! నాకు పరుగెత్తడం ఎంత ఇష్టమో బ్యాగు సర్దడం కూడా అంత ఇష్టం. ఏడున్నరకల్లా పరుగు అయిపోతుంది, బీచ్ దగ్గర బాత్రూముల్లో మొహం కడుక్కుని బట్టలు మార్చుకుంటాను, ఎనిమిదిన్నరకి పరీక్ష గేటు దగ్గర ఉంటాను, ఇంకో గంట చదువుకుంటాను కూడా.

ఈ ఊపులో ఉండగా మా సెక్షన్లో వాళ్ళు అడిగారు, పరుక్కి ఏం తెచ్చుకోవాలి తన్మయీ అని. అడిగితే ఊరుకుంటానా! రాసేశాను. షూస్, సాక్సు, నీళ్ళ సీసా, ఓఆరెస్ పాకెట్టు, తువ్వాలు, మార్చుకునే బట్టలు ఒక జత, నాలుగు పిన్నీసులు, గ్లూకోజు బిస్కెట్లు, తడిసిన బట్టలకో కవరు. కింద, ‘ఇంకా ఆ రోజుకి మీకేం కావాలో అవి’ అని. ఆ పక్కన నవ్వే మొహం.

మర్నాడు డైరెక్టర్ గారు మెట్లెక్కుతూ రొప్పు తీర్చుకోవడానికి నోటీసు బోర్డు దగ్గర ఆగారు. ఖాళీగా నిలబడ్డారని ఎవరూ అనుకోకూడదని చదవడం మొదలుపెట్టారు. పదకొండింటికి మీటింగ్.

“అద్భుతం,” అన్నారాయన, నా కాగితం రెండు వేళ్ళతో ఎత్తి చూపిస్తూ. “పరుగు అనగా ఏమి? సంసిద్ధత. సంసిద్ధత అనగా ఏమి? సంచి. కావున సంచి లేనిదే పరుగు లేదు.”

అందరూ రాసుకున్నారు. సూపరింటెండెంట్ మాణిక్యాంబ గారు మాత్రం కళ్ళజోడు సర్దుకుని, “సార్, తొమ్మిది అంశములు బాగానే ఉన్నవి. అయితే చివరన గల ‘ఇంకా మీకేం కావాలో’ అను వాక్యము బహు ప్రమాదకరముగా ఉన్నది. ఎవరికి వారే నిర్ణయించుకొనుటకు ఇది ఇల్లు కాదు కదా సార్,” అన్నారు. ఆవిడ మామూలుగా మాలాగే మాట్లాడతారు. మీటింగులో కూర్చుంటే మాత్రం ఫైలులా మాట్లాడతారు. “అలాగే, దాని ప్రక్కన గల వృత్తాకార చిహ్నము యొక్క భావము కూడా స్పష్టపరచవలసి ఉన్నది.”

“అది నవ్వుతోంది మేడం,” అన్నాను.

“ఎవరిని చూసి?”

ఎవరిని చూసో తేల్చాలి కదా. కాబట్టి కమిటీ వేశారు.

కమిటీ వారంలో ఆరు సర్క్యులర్లు తెచ్చింది, ఆరూ నేనే టైపు చేశాను. మొదటి దాంట్లో గొడుగు, టార్చి, విజిలు, థర్మామీటరు చేరాయి. రెండో దాంట్లో గెజిటెడ్ సంతకంతో ఆధార్ జిరాక్సు, పదో తరగతి సర్టిఫికెట్టు కాపీ, పెన్ను. మూడో దాంట్లో దోమల చక్రం, దాన్ని వెలిగించడానికి అగ్గిపెట్టె. అగ్గిపెట్టె వచ్చింది కాబట్టి నాలుగో దాంట్లో, నిప్పు ఆర్పడానికి ఒక కిలో ఇసుక.

ఇక్కడ ఆగలేక లేచాను. “సార్, పరుగు బీచ్‌లోనే కదా సార్. అక్కడ ఇసుక…”

డైరెక్టర్ గారు జాలిగా చూశారు. “అది ప్రభుత్వ ఇసుక, తన్మయీ.”

ఐదో సర్క్యులర్‌తో జాబితా ముప్పైకి చేరింది. ముప్పై ఒకటో నంబరు ఎవరికి వారు రాసుకునే ఖాళీ. ఆ రోజుకి మీకు కావలసిన సొంత కాగితాలేమైనా ఉంటే కవర్లో పెట్టి, కవరు మీద ఏముందో రాసి, సంచిలో పెట్టాలి. ఒంటి మీద గానీ జేబుల్లో గానీ ఏమీ ఉండకూడదు, ఫోను కూడా సంచిలోనే. జాబితాలో ఒక్కటి తగ్గితే లోటు, ఒక్కటి పెరిగితే మిగులు. రెంటికీ సంజాయిషీ. నేను నిజాయితీగా రాశాను, ‘హాల్ టికెట్టు ఒకటి’ అని. పరుగు అయ్యాక జిప్పు తీసి పట్టుకెళ్ళడమే కదా, ఇందులో ఏముంది అనుకున్నాను.

ఆరో సర్క్యులర్ టైపు చేస్తుంటే మాత్రం వేళ్ళు ఆగిపోయాయి. మాణిక్యాంబ గారి టేబుల్ దగ్గరికి వెళ్ళాను.

“మేడం, షూస్ ఒకటో నంబరు వస్తువు అన్నారు. తనిఖీ టైముకి సంచిలో ఉండాలన్నారు. మరి కాళ్ళకి?”

“కాళ్ళకేంటి?”

“షూస్ వేసుకునే కదా మేడం పరిగెత్తేది.”

“నువ్వు వేసుకుంటే సంచిలో ఎలా ఉంటాయే తల్లీ? నేను టిక్కు ఎక్కడ పెట్టను, నీ కాలి మీదా?”

“పోనీ రెండు జతలు తెస్తే? ఒకటి కాళ్ళకి, ఒకటి…”

“రెండో జత మిగులు.” ఆవిడ గొంతు తగ్గించారు. “చూడు, నిన్ను చూస్తే మా చెల్లెలి కూతురు గుర్తొస్తుంది, అందుకే చెప్తున్నా. ఎక్కువ ఆలోచించకు. జూన్‌లో నీ ఫైలు నా దగ్గరికే వస్తుంది.”

ఆలోచించడం మానేశాను. శనివారం సాయంత్రం సర్దుతుంటే నిజం చెప్పొద్దూ, మళ్ళీ సరదా వచ్చేసింది. ఇసుక అడుగున వేసి, దాని మీద రిసెప్షను డ్రెస్సు చుట్టి, డ్రెస్సు మధ్యలో థర్మామీటరు పెట్టి, షూస్‌లో సాక్సు, సాక్సులో పిన్నీసులు. ముప్పై ఒకటీ పట్టేశాయి! జిప్పు పడింది! పదకొండు కిలోలు. అమ్మ గుమ్మంలో నిలబడి, “ఏటే, పరుక్కెళ్తున్నావా, ఊరొదిలి పోతున్నావా?” అంది.

ఆదివారం ఐదుంపావుకి బీచ్ రోడ్డు మీద నాలుగు వందల పన్నెండు మందిమి, ఒట్టి కాళ్ళతో, సంచులతో నిలబడ్డాం. మూడు టేబుళ్ళు. ఒక్కో సంచి దుప్పటి మీద గుమ్మరించి, ఒక్కో వస్తువూ పైకి చదివి, రబ్బరు స్టాంపుతో టిక్కు కొట్టి, తిరిగి సర్దుకోమంటున్నారు. గొడుగు విప్పి చూస్తున్నారు. విజిలు ఊది చూస్తున్నారు. ఇసుక తూకం వేస్తున్నారు. అకౌంట్స్ ఆఫీసర్ గారి ఇసుక యాభై గ్రాములు తగ్గిందట, ఆయన సముద్రం వైపు నాలుగడుగులు వేసి గుప్పెడు తీసుకోబోతే నలుగురు పట్టుకుని వెనక్కి లాగారు.

ఆరైంది. ఏడైంది. మామూలుగా వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్ళు ఒక రౌండు వెళ్ళి, తిరిగొచ్చి, ఇంకా ఇక్కడే ఉన్నారా అని మమ్మల్ని పలకరించి ఇళ్ళకి వెళ్ళిపోయారు. నేను మాత్రం లెక్క వేసుకుంటున్నాను, ఏడున్నరకి మొదలెట్టినా ఎనిమిదింపావుకి అయిపోతుంది, పరవాలేదు, పరవాలేదు.

ఏడూ ఇరవైకి తనిఖీ అయింది. డైరెక్టర్ గారు స్టూలెక్కి మమ్మల్నందరినీ చూశారు. నిండు సంచులు, జిప్పులన్నీ పడి, వరసగా. ఆయన కళ్ళు తడిశాయి. ముప్పై ఏళ్ళ సర్వీసు కదా, అలవాటు ఊరుకోలేదు.

“మిత్రులారా,” అన్నారు. “ఇంత చక్కగా జాబితా సరిపోయిన సామగ్రిని ఇలా నోరు తెరిచి ఉంచడమా? పరుగు మధ్యలో ఒకరు ఒక బిస్కెట్టు తిన్నారనుకోండి, జాబితా ఏం కావాలి? సన్యాసిరావ్!”

సన్యాసిరావు గారు మా సీళ్ళ సెక్షను. మొత్తం సెక్షను ఆయనొక్కరే. ఎందుకైనా మంచిదని లక్క కడ్డీలూ కొవ్వొత్తీ ఇత్తడి ముద్రా వెంట తెచ్చుకున్నారు. రెండు జిప్పుల కొసలూ కలిపి పురికొస ముడేసి లక్క పొయ్యడం మొదలుపెట్టారు. సముద్రపు గాలికి కొవ్వొత్తి ఆరిపోతోంది. గొడుగులు అడ్డం పెడదామంటే గొడుగులు సీలులో ఉన్నాయి. పన్నెండు మందిమి చేతులు పట్టుకుని ఆయన చుట్టూ గుండ్రంగా నిలబడ్డాం.

నా వంతు వచ్చేసరికి సంచి రెండు చేతులతో పట్టుకుని అడిగాను. “మేడం, సీలు ఎప్పుడు తీస్తారు?”

“సోమవారం. కమిటీ సమక్షంలో.” మాణిక్యాంబ గారు టిక్కు స్టాంపు కొడుతూనే అన్నారు.

“మేడం నా హాల్ టికెట్టు లోపలుంది! పదింటికి పరీక్ష!”

“కవరు మీద రాశావుగా?”

“రాశాను మేడం.”

“మరింకేం, భద్రంగా ఉంటుంది.” తలెత్తి నా మొహం చూశారు. కొంచెం మెత్తబడ్డారు. “అర్జీ పెట్టుకోవే. సార్ ఎండార్స్ చేస్తే చూద్దాం.”

“పెన్ను?”

ఇద్దరం సంచి వైపు చూశాం. సన్యాసిరావు గారు ముడి మీద ఎర్రగా లక్క పోసి, ముద్ర నొక్కి, ఉఫ్ అని ఊదారు. “ఏం చెయ్యనమ్మా,” అన్నారు చిన్నగా. “తెంపితే ఆ ధ్రువపత్రం పోద్ది. ధ్రువపత్రం పోతే జూన్ పోద్ది.”

తెంపకపోతే పరీక్ష పోతుంది. ఎనిమిదీ పదికి విజిలు ఊదడానికి విజిలు లేక, డైరెక్టర్ గారు నోటితోనే ఊదారు. పరుగు మొదలైంది.

నాలుగు వందల పన్నెండు మంది, ఒట్టి కాళ్ళు, మే నెల రోడ్డు, వీపుల మీద సీలు వేసిన పదకొండేసి కిలోలు! ఎవరూ పరిగెత్తట్లేదు, అందరూ గెంతుతున్నారు. కాలు కాలినప్పుడల్లా హా, హూ, అమ్మో. వందల థర్మామీటర్లు లోపల గలగలమంటున్నాయి. సెల్‌ఫోన్లు మోగుతున్నాయి, ఎత్తేవాళ్ళు లేరు. నాకు ఏడుపు రావాలి, నవ్వొస్తోంది, నవ్వాపుకుంటూ గెంతుతున్నాను.

ఏడు వందల మీటర్ల దగ్గర డైరెక్టర్ గారు కూలబడ్డారు. పిక్క పట్టేసింది, పెదాలు ఎండిపోయాయి. కొబ్బరిబొండాల బండి నీడలో పడుకోబెట్టాం. బండి ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసింది.

“ఏటి బావూ, ఇన్ని సంచులున్నాయి, ఎవుల్దగ్గరా గుక్కెడు నీళ్ళు నేవా?”

డైరెక్టర్ గారు పడుకునే చెయ్యి ఎత్తారు. “ఉన్నాయమ్మా. నాలుగు వందల పన్నెండు సీసాలున్నాయి. ఓఆరెస్ కూడా ఉంది.” ఆ గొంతులో నొప్పి కన్నా గర్వమే ఎక్కువ. “కానీ సీలులో ఉంది.”

“తీసి తాగండి మరి!”

“సార్, మీరు అనుమతి ఇస్తే మీ సంచి ఒక్కటీ…” అన్నారు మాణిక్యాంబ గారు కంగారుగా.

“నోటి అనుమతి చెల్లదు మాణిక్యాంబా. ఇరవై ఆరేళ్ళుగా చెప్తున్నాను.” ఆయన కళ్ళు మూసుకున్నారు. “రాతపూర్వకంగా ఉండాలి.”

“నీకేటైనా పిచ్చేటి బావూ,” అని ఆవిడ బొండం కొట్టి ఆయన నోట్లో పోసింది. బొండం జాబితాలో లేదు, కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

రెండు గుక్కలు పడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది, వెంటనే ఆజ్ఞ కూడా వచ్చింది. పరుగు తాత్కాలికంగా నిలుపుదల, ఎవరెక్కడ ఉన్నారో అక్కడే ఉండాలి, తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా కదలకూడదు. అందరూ హమ్మయ్య అనుకుని ఎవరి సంచి మీద వాళ్ళు కూర్చున్నారు. నేను మాత్రం నిలబడే ఉన్నాను. ఎనిమిదీ నలభై. ఐదు కిలోమీటర్ల అవతల, పెదవాల్తేరు ఎత్తు మీద, గేటు తెరిచే ఉంది.

సన్యాసిరావు గారు నా పక్కకొచ్చారు. “ఆపమని రాతలో వచ్చిందా?”

“లేదు. పెన్నులు సీలులో ఉన్నాయి.”

“మరి ఆయనే అన్నారు కదమ్మా, నోటి మాట చెల్లదని.” సముద్రం వైపు చూస్తూ అన్నారు. “అంటే పరుగు నడుస్తున్నట్టే.”

పరిగెత్తాను! అబ్బా, ఎలా పరిగెత్తానో! వెనక మాణిక్యాంబ గారు “తన్మయీ, సంజాయిషీ!” అని అరుస్తున్నారు, నేను “రాతలో పంపండి మేడం!” అని అరుస్తున్నాను. ముగింపు గీత దగ్గర రెండు వెదురు బొంగులు, మధ్యలో బ్యానరు, చప్పట్లు కొట్టాల్సిన వాళ్ళందరూ వెనకాల సంచుల మీద కూర్చున్నారు. అది దాటి ఎత్తు ఎక్కేశాను. మడమల కింద తారు మెత్తగా ఉంది, ఆదివారం టిఫిన్ల వాసన, ఒక కుక్క నాతో పాటు వంద మీటర్లు పరిగెత్తి మనసు మార్చుకుంది.

తొమ్మిదీ పదమూడుకి గేటు.

“హాల్ టికెట్టు?” అన్నాడు కానిస్టేబులు.

“బ్యాగులో.”

“తీయండి.”

“తియ్యకూడదు.” వెనక్కి తిరిగి సీలు చూపించాను. అతను సీలు చూశాడు, నా కాళ్ళు చూశాడు, లోపలికి వెళ్ళి చీఫ్ సూపరింటెండెంట్‌ని పిలుచుకొచ్చాడు. పాత్రుడు గారట. ఇస్త్రీ షర్టు, జేబులో మూడు పెన్నులు. ఆ పెన్నులు చూస్తే దణ్ణం పెట్టాలనిపించింది. నేను రొప్పుతూ అంతా చెప్పేశాను, లిస్టు, నవ్వే మొహం, ఇసుక, బొండం, అన్నీ. ఆయన ఒక్క ముక్క వినలేదు. సీలు దగ్గరికి వంగి చూస్తున్నారు.

“ఎవరు వేశారమ్మా ఇది?”

“సన్యాసిరావు గారు.”

“అంచు చూడండి, ఎక్కడా పగల్లేదు. గాలిలో వేశారు, అవునా? బొట్టు కొంచెం ఎడమకి వాలింది.” నిట్టూర్చారు. “ఈ రోజుల్లో మాకు స్టిక్కర్లు పంపుతున్నారు.”

“సార్, దీన్ని తీసి…”

“నేనా? ప్రభుత్వ సీలు గేటు దగ్గరా?” ఆయన అదిరిపడ్డారు. “సీలు తీయుటకు టేబులుండవలెను, సమయముండవలెను, ఇరువురు సాక్షులుండవలెను. ప్రశ్నపత్రముల కట్ట తొమ్మిదీ నలభై ఐదుకు ఇద్దరు అభ్యర్థుల సమక్షమున తెరిచెదను. అంతకు ముందు నేను ఏ సీలూ ముట్టను.”

“తొమ్మిదిన్నరకి గేటు మూసేస్తారు కదా సార్! హాల్ టికెట్టు లేకుండా లోపలికి రానివ్వరు, లోపలికి రాకుండా హాల్ టికెట్టు బయటికి రాదు!”

“అభ్యర్థిగా రానివ్వము,” అన్నారాయన. తర్వాత సీలు వైపు ఇంకోసారి చూశారు. ఆయన మొహంలో ఏదో వెలిగింది. “కానీ అమ్మా, సీలు వేసిన ప్రభుత్వ సామగ్రి మా గేటు దగ్గరికి వచ్చింది. దానిని వీధిలో వదిలివేయరాదు. స్ట్రాంగ్ రూములో ఉంచవలెను. సామగ్రిని తెచ్చిన వ్యక్తి దానిని విడిచి వెళ్ళరాదు, వెంట ఉండవలెను. అది నిబంధన.” కానిస్టేబులు వైపు తిరిగారు. “రాయి. తొమ్మిదీ ఇరవై రెండు. సీలు గల సంచి ఒకటి, సంరక్షకురాలితో సహా, లోనికి స్వీకరించడమైనది.”

అలా నేను సామగ్రితో పాటు పరీక్షా కేంద్రంలోకి ప్రవేశించాను!

స్ట్రాంగ్ రూములో ప్రశ్నపత్రాల కట్ట ఒక పక్కన, నా సంచి ఒక పక్కన, మధ్యలో నేను. తొమ్మిదిన్నరకి గేటు మూసిన చప్పుడు వినిపించింది. బయట ఎవరో బతిమాలుతున్నారు. నేను సంచి పట్టీ గట్టిగా పట్టుకున్నాను. అనుమానం వచ్చి ఎవరైనా బయటికి పొమ్మంటే సంచితో సహా పోవాల్సిందే కదా.

తొమ్మిదీ నలభై ఐదుకి టేబులు మీద రెండూ పెట్టారు. ముందు వరసలోంచి ఇద్దరు అభ్యర్థుల్ని సాక్షులుగా పిలిచారు. ముందు కట్ట సీలు తీశారు, సంతకాలు అయ్యాయి. తర్వాత నాది. పాత్రుడు గారు చిన్న చాకుతో లక్క కిందగా పురికొస కోసి, సీలు చెక్కు చెదరకుండా తీసి, రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నారు. ఆపైన సంచిలోవి ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టారు, హాలు మొత్తం వినేలా.

“షూస్ ఒక జత. దోమల చక్రం ఒకటి. ఇసుక… ఇసుకా? కిలో. అగ్గిపెట్టె ఒకటి. పట్టు డ్రెస్సు ఒకటి, అందులో థర్మామీటరు ఒకటి.”

సాక్షుల్లో ఒకబ్బాయి వణుకుతున్నాడు, నవ్వాపుకోలేక. “సార్, ఈమెకి ఒంట్లో బాలేదా, లేకపోతే పెళ్ళికెళ్తోందా?”

“సాక్షి మాట్లాడరాదు. ముప్పై ఒకటి. కవరు. హాల్ టికెట్టు ఒకటి.” ఆయన ఫోటోనీ నన్నూ మార్చి మార్చి చూశారు. చెమట, దుమ్ము, చెంప మీద లక్క మరక. “పోలిక కలదు,” అని రాసుకున్నారు.

నేను షూస్ తీసుకోబోయాను. “హాల్లోకి షూస్ నిషేధం,” అన్నారు ఇన్విజిలేటరు. సరే అనుకుని, ఒట్టి కాళ్ళతోనే నా నంబరు వెతుక్కుని కూర్చున్నాను. పది కొట్టింది. పేపరు చేతికొచ్చింది. నూట యాభై ప్రశ్నలు, అన్నీ ముద్దొచ్చాయి!

ఒంటిగంటకి పాత్రుడు గారి దగ్గరికి వెళ్ళి నేనే అడిగాను, హాల్ టికెట్టుతో సహా ముప్పై ఒకటీ లోపల పెట్టి మళ్ళీ సీలు వెయ్యమని. జూన్ ఉంది కదా. ఆయన సంతోషపడిపోయారు. అలమరలోంచి తన సొంత లక్క తీశారు, స్టిక్కర్లు రాకముందు దాచుకున్నదట. తన కేంద్రం ముద్ర నొక్కారు. పంచనామా కాపీ నా చేతిలో పెట్టారు. ఆ సాయంత్రం హరిణి రిసెప్షను స్టేజీ మీద నేను చెమట టీషర్టుతో, ఒట్టి కాళ్ళతో, సీలు వేసిన సంచితో నిలబడ్డాను. డ్రెస్సు ఏదే అని హరిణి అడిగింది. భద్రంగా ఉందని చెప్పాను.

సోమవారం ఆఫీసుకి వెళ్తే సంగతి తెలిసింది. ఏమైందంటే, పెన్ను కోసం ట్రాఫిక్ కానిస్టేబులు దొరికి, ఇళ్ళకి వెళ్ళొచ్చనే ఆజ్ఞ రాతలోకి వచ్చేసరికి మధ్యాహ్నం ఒకటీ ఇరవై అయిందట. అప్పటిదాకా అందరూ ఎండలో సంచుల మీద కూర్చునే ఉన్నారు. లక్క కరిగిపోయింది. నాలుగు వందల పదకొండు సీళ్ళూ మాయం. అకౌంట్స్ ఆఫీసర్ గారి ప్యాంటు వెనక మాత్రం డైరెక్టరేట్ ముద్ర అచ్చుగుద్దినట్టు పడింది, దాంతో ఆయన్ని జాబితాలో చేర్చి స్ట్రాంగ్ రూముకి పంపాలా వద్దా అని పావుగంట చర్చ జరిగింది.

“అందరివీ కరిగినవి,” అన్నారు మాణిక్యాంబ గారు కమిటీ ముందు. “అందరినీ తప్పించినచో ఆఫీసు ఉండదు సార్. కావున కరుగుట సహజ పరిణామమని, అందరూ సక్రమంగా పాల్గొనిరని భావించవచ్చును.”

“భావించితిమి,” అన్నారు డైరెక్టర్ గారు. ఆయన కాలికి కట్టు ఉంది. “ఆ టేబులు మీద ఏమిటది?”

నా సంచి. సీలు మెరుస్తోంది.

“ఇదొక్కటీ కరగలేదు సార్. పైగా ముద్ర మనది కాదు.”

గది మొత్తం నా వైపు తిరిగింది. నేను పంచనామా ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు. తప్పు పట్టడానికేమీ లేదు, సాక్షుల సంతకాలున్నాయి, వస్తువులు ముప్పై ఒకటీ ఉన్నాయి. అదే ఆయన్ని బాధపెట్టింది.

“నాలుగు వందల పదకొండు మంది చేయలేనిది ఒక్కతె ఎలా చేయగలిగినది? విచారణ జరగవలెను. సంచి తెరవండి.”

“తెరవకూడదు సార్,” అన్నారు సన్యాసిరావు గారు వినయంగా. “ఎవరి సీలు వాళ్ళే తియ్యాలి. మాన్యువల్‌లో ఉంది.”

పాత్రుడు గారికి లేఖ వెళ్ళింది. పది రోజులకి జవాబొచ్చింది. తాను సీళ్ళు పరీక్ష రోజున మాత్రమే తెరుస్తానని, తదుపరి పరీక్ష తేదీ ప్రకటించిన పిదప తెలియజేస్తానని. విచారణ అప్పటిదాకా వాయిదా. జూన్ ఒకటిన రెన్యువల్ లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టారు. కాంట్రాక్టు వాళ్ళు అందరూ ఉన్నారు. నా పేరు లేదు.

రెండుసార్లు చదివాను. మూడోసారి అక్షరాలు కనబడలేదు. సీళ్ళ సెక్షనులోకి వెళ్ళి లక్క డబ్బాల మధ్య కూర్చుని ఏడ్చేశాను. పరీక్ష రిజల్టు ఎప్పుడొస్తుందో తెలీదు, ఇంట్లో ఏం చెప్పాలో తెలీదు.

సన్యాసిరావు గారు ముందు కంగారుపడ్డారు, సంగతి విన్నాక పకపకా నవ్వారు. “పిచ్చిదానా, లిస్టులో నీ పేరెందుకుంటాది? రెన్యువల్ అనేది ఏడాది తర్వాత తీసెయ్యగలిగే వాళ్ళకి. నీ మీద విచారణ నడుస్తోంది. విచారణ తేలేదాకా మనిషి ఆఫీసు వదలడానికి వీల్లేదు. జీతం ఆపడానికీ వీల్లేదు.”

ముక్కు తుడుచుకున్నాను. “ఎప్పుడు తేలుతుంది బాబాయ్?”

“నన్నడిగితే ఏం చెప్పను? తొంభై ఏడులో ఒక సంచికి సీలు తలకిందులుగా వేశానని నా మీద విచారణ వేశారు. అప్పటికి నేను రోజువారీ మనిషిని, మర్నాటికి పని ఉంటాదో లేదో తెలీదు.” లక్క కడ్డీ కొవ్వొత్తి మీద తిప్పుతూ, చుక్క పడేదాకా ఆగారు. “వచ్చే నెల రిటైరవుతున్నాను.”